మా వరండా మర్యాదలు

మా ఆయన కేంద్రంలో సహాయ మంత్రి అయిన రోజున అమలాపురంలో మా ఇంటి ముందు కాల్చిన టపాకాయల చెత్త ఊడవడానికి పనిమనిషికి మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. నా కాళ్ళు మాత్రం నేల మీద ఉంటే ఒట్టు. సర్పంచిగా మొదలుపెట్టి, ఎమ్మెల్యేగా ఓడిపోయి, నా ఒంటి మీద పుస్తెలతాడు తప్ప మరేమీ మిగల్చకుండా ఎంపీ అయిన మనిషాయన. అలాంటి మనిషి మంత్రి అయితే నాకు గర్వం ఉండదా మరి! కొత్తపేటలో ఉన్న మా అక్కకి ఫోన్లో ఎన్ని కోతలు కోశానో తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.

ఆ గర్వం కాస్తా ఢిల్లీలో ఆయన ఆఫీసు చూసేదాకానే. గది చూస్తే మా కొబ్బరికాయల గోడౌనంత ఉంది. బల్ల మీద మాత్రం ఒక పేపరూ, ఒక మంచినీళ్ళ గ్లాసూ. పెద్ద మంత్రిగారు ఫైలు పంపితేనే ఈయనకి పని. ఆయన పంపరు, ఈయన అడగరు. పెద్దాయన సభకి రాని రోజున ఎవరో రాసిచ్చిన జవాబు లేచి చదవడం, ఎక్కడైనా రిబ్బను కత్తిరించడం, అంతే. నేను సోఫాలో కూర్చుని ఉండగానే రాజోలు నుంచి మనవాళ్ళు వచ్చారని కబురొచ్చింది. వెంటనే అటెండరు బీరువా తెరిచి, ఎప్పుడో మూసేసిన పాత ఫైళ్ళు తెచ్చి బల్ల నిండా పేర్చాడు. ఈయన కళ్ళజోడు పెట్టుకుని పైదాన్ని విప్పారు. వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడిపోయి, "అబ్బో, ఊపిరాడని పనండీ మీకు" అన్నారు. "ఏం చేస్తామండీ, తప్పదు కదా" అన్నారీయన. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

వాళ్ళు వెళ్ళాక, "ఇదేం నాటకమండీ?" అని అడిగాను.

"మరి, ఖాళీగా కూర్చున్నానని చెప్పమంటావా? ఊళ్ళో తలెత్తుకోవద్దూ?" అన్నారు.  అక్కకి కోసిన నా కోతలు నాకు గుర్తొచ్చాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఈయన అమలాపురం వచ్చినప్పుడు, ఓడలరేవు నుంచి ఒకావిడ వచ్చింది. చేపలు, రొయ్యలు అమ్ముకునే మనిషి. ఆవిడ కూతురు గల్ఫులో ఒకరింట్లో పనికి చేరింది. ఆ ఇంటివాళ్ళు పాస్‌పోర్టు లాక్కున్నారు. ఇంటికి పంపమని అడిగితే కొడుతున్నారు. ఆవిడ వరండాలో స్తంభం పట్టుకుని భోరుమంది. "మీరొక్క మాట చెప్పండయ్యగారండి, ఒదిలేత్తారు" అంది. ఈయన శాఖ వేరు, ఆ వ్యవహారం చూసే శాఖ వేరు. ఆ ముక్క చెప్పొచ్చు కదా! మా వైపు మనిషి మొహం మీద కాదు అని చెప్పడమంటే చెంప మీద కొట్టినట్టే. అందులోనూ ఈయన ఓట్లడిగిన మనిషి. "ఆయ్, తప్పకుండా చూద్దామమ్మా" అని మా గోదారి వాళ్ళ అలవాటు చొప్పున ఒప్పేసుకున్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని దణ్ణం పెట్టి వెళ్ళింది.

అప్పటి నుంచి ఈయన ఊళ్ళో ఉన్నారని తెలిస్తే చాలు, ఆటో ఎక్కి పచ్చి రొయ్యలు పట్టుకొచ్చేది. డబ్బులివ్వబోతే, "అయ్యయ్యో, మా పిల్ల కోసం అయ్యగారు అంత పాటుపడతంటే!" అని చెవులు మూసుకునేది. నేను వండేదాన్ని. ఈయన లొట్టలేసుకుంటూ తినేవారు. ఎవరితోనైనా మాట్లాడారా అని అడిగితే, ఆ శాఖ మంత్రి కారిడార్లో కనిపిస్తే చెప్పానని, ఆయన తల ఊపాడని అనేవారు. ఇంకోసారి అడిగితే విసుక్కునేవారు. ఆ రొయ్యలు నా గొంతు కూడా దిగాయి. తిన్నాను, దాచడమెందుకు?

ఒక రోజు పెరట్లో ఆవిడా నేనూ రొయ్యలు వలుస్తుంటే, మాటల్లో ఆవిడే చెప్పింది. రాజోలులో గల్ఫు నుంచి తిరిగొచ్చిన కొందరు సంఘం పెట్టుకుని, అక్కడి మన రాయబార కార్యాలయంతో మాట్లాడి, ఇలా చిక్కుకుపోయిన ఆడపిల్లల్ని ఇళ్ళకి చేరుస్తున్నారట. వాళ్ళే ఈవిడ ఇంటికి వచ్చి, మీ పిల్ల వివరాలివ్వమని అడిగారట.

"ఇచ్చావా?" అన్నాను.

"అయ్యో, ఎలా ఇత్తానండీ? అయ్యగారు చూత్తన్నారు కదండీ. ఆరి చేతిలో పెట్టి, మళ్ళీ ఇంకోళ్ళ దగ్గరికెళ్తే అయ్యగారికెంత తలవంపులండీ! ఒద్దని చెప్పేసేనండి. అప్పుడే నాలుగైదు నెలలయ్యిందండి."

నా చేతిలో రొయ్య చేతిలోనే ఉండిపోయింది. ఆ నెలలన్నీ అక్కడ ఆ పిల్ల దెబ్బలు తింటూనే ఉంది. ఎందుకయ్యా అంటే, ఇక్కడ మా ఆయన పరువు పోకూడదని!

"ఒసేయ్ పిచ్చిమొహమా, ఈయన వల్ల కాదే! ఈయన మాట వినేవాడు ఢిల్లీలో ఒక్కడూ లేడు. ముందు లేచి రాజోలు వెళ్ళు" అని అరిచాను. అరిచాక చూస్తే, వంటింటి గుమ్మంలో ఈయన. మంచినీళ్ళకి వచ్చినట్టున్నారు. నీళ్ళు తాగకుండానే తిరిగి వరండాలోకి వెళ్ళిపోయారు.

ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది. చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుంది. "ఈ మాట ముందే చెప్తే ఏం పోయేదండీ? మేవేమన్నా అనుకుంటామాండీ?" అని మెల్లిగా అని, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను ఆ రొయ్యలు వండలేదు. ఈయన అడగనూ లేదు.

కొన్నాళ్ళకి పిల్ల వచ్చేసింది. రాజోలు వాళ్ళే తెచ్చారు. ఆ సంగతి నాకు తెలుసు, ఈయనకి తెలుసు, ఆవిడకి తెలుసు. ఇక మా గుమ్మం తొక్కదనుకున్నాను. తొక్కింది. జనం కిటకిటలాడుతున్న పొద్దున, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి, అందరికీ వినపడేలా, "అయ్యగారి దయవల్ల నా బిడ్డ ఇల్లు చేరిందండి" అంది.

ఈయన కుర్చీలోంచి లేచి, "నేనేం చెయ్యలేదమ్మా" అన్నారు. ఇన్నాళ్ళకి ఒక నిజం చెప్పారు. వింటేగా! "చూసేరా, ఎంత నిగర్వో మన మంత్రిగారు!" అని ఒకరు, "అందుకే గెలిపించుకున్నామండి" అని ఇంకొకరు. చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోను పైకెత్తి వీడియో తీశారు.

ఆ గోలలో పిల్ల మంచినీళ్ళకని లోపలికొచ్చింది. గ్లాసు అందుకుంటుంటే మణికట్టు మీద కాలిన మచ్చ కనిపించింది. నీళ్ళు తాగి, "అమ్మగారండి, నన్ను కూడా అయ్యగారి దయే అనమందండి మాయమ్మ. లేకపోతే అందర్లో అయ్యగారు చిన్నబోతారంటందండి. అనాలాండీ?" అని అడిగింది.

"వద్దమ్మా, అనొద్దు" అన్నాను. 

"అలాగేనండి" అని వరండాలోకి వెళ్ళింది. వాళ్ళమ్మ మోచేత్తో పొడిచింది. పిల్ల ఆ మచ్చ ఉన్న చేత్తోనే దణ్ణం పెట్టి, "అంతా మీ దయేనండి" అంది.

ఈయన గుమ్మంలో ఉన్న నన్ను చూశారు. నేనేం చెయ్యలేదని మళ్ళీ అంటారేమోనని చూశాను. ఆ పిల్ల మొహం వైపు చూడకుండా, "ఆయ్" అన్నారు.