అవ్వ కర్పూరం, నా అగ్గిపుల్ల

మా వీధి మలుపులో కొత్తగా వెల్డింగు షాపు పెట్టారు. నిన్న సాయంత్రం అటు నుంచి వెల్లుల్లి లాంటి ఘాటు వాసన వచ్చి ఇంట్లో నిలిచిపోయింది. దీపం వేయబోయిన నా చేయి స్విచ్చి దగ్గరే ఆగిపోయింది. మణికట్టు చల్లబడింది. భయం మనిషిని బానిసను చేస్తుందని ఏళ్ల తరబడి వేదికలెక్కి అరిచినదాన్ని నేను. ఆ నేనే మసక చీకట్లో కదలకుండా నిలబడ్డాను. ఈ భయం నాకు ఎస్తేరు టీచరు పెట్టిన భిక్ష.

పంతొమ్మిది వందల యాభైల్లో మేం పట్నంలో తొండియార్‌పేటలో ఒక వరస ఇళ్లలో ఉండేవాళ్లం. పక్కింట్లో ఎస్తేరు టీచరు. ఆడపిల్లల బడిలో మాకు కెమిస్ట్రీ చెప్పేది. నేను అప్పటికే సంస్కరణ సభలకు పోయి, విన్నదంతా ఇంటికి తెచ్చి మా అవ్వతో రోజూ పోట్లాడేదాన్ని. సాయంత్రాలు టీచరు అరుగు మీద బంకమట్టి ఉండలు, చీపురుపుల్లలు పెట్టుకుని కూర్చునేది. ఉండ కార్బను, పుల్ల దాని చేయి. ఒక్కో కార్బనుకు నాలుగు చేతులు. నాలుగూ హైడ్రోజన్లను పట్టుకుంటే మీథేన్. రెండు కార్బన్లు ఒక్కో చేయి కలిపితే ఈథేన్, రెండేసి కలిపితే ఎథిలీన్. ఆరు కార్బన్లు గుండ్రంగా చేరితే బెంజీన్. ఒకనాడు రెండు ఉండల మధ్య మూడు పుల్లలు గుచ్చింది. బయటి రెండూ విల్లులా వంగాయి.

"ఇది ఎసిటిలీన్ గ్యాసు. కార్బైడు మీద నీళ్లు పడితే పుట్టేది ఇదే," అని వరస చివరి షెడ్డు వైపు చూపింది. అందులో ఒక వెల్డరు గ్యాసు చేసుకునే కార్బైడు రాళ్లను డబ్బాల్లో దాచేవాడు.

"మూడు చేతులతో పట్టుకుంటే ఇంకా నెమ్మదిగా ఉండాల గదా టీచర్?"

"ఉండదు పిల్లా. పట్టు గట్టిదే, నెమ్మది మాత్రం లేదు. నిప్పు తగిలిందా, మన కొంపలు ఈడ ఉండవు."

ఆ ఏడు తుపాను వాన షెడ్డు కప్పుకు చిల్లు పెట్టింది. వెల్డరు తాళం వేసుకుని పక్క ఊరు తిరువొత్తియూరు పోయాడు. వాన వెలిసిన మధ్యాహ్నం షెడ్డు దగ్గర ఘాటు వాసన. ఆడవాళ్లు గుమిగూడారు.

"ఎవురూ వెల్లుల్లి దంచలే. లోపల పాము ఊపిరి వదలతా ఉండాది," అంది అవ్వ. పళ్లెంలో పాలు, కర్పూరం, అగ్గిపెట్టె తెచ్చింది.

నాకు ఒళ్లు మండింది. "నాగమ్మా లేదు, గీగమ్మా లేదు. ఇప్పుడే చూపిస్తా," అని అగ్గిపెట్టె లాక్కుని తలుపు సందు దగ్గరికి పోయాను. పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకున్న ఎసిటిలీన్ బొమ్మ ఆ తలుపు వెనకే ఉందని నాకు తట్టలేదు. పుల్ల తీశాను. వెనక నుంచి ఒక చేయి నా మణికట్టును పట్టుకుంది. మంచులా ఉంది. బడి నుంచి అప్పుడే వచ్చిన టీచరు.

"నీకూ అవ్వకూ ఏం తేడా? ఇద్దరి చేతిలోనూ నిప్పే గదా," అంది చెవిలో.

అవ్వకు కోపం వచ్చింది. "చర్చికి పోయేదానివి, మా నాగమ్మతో నీకేం పని?"

"నాగమ్మ ఉంటే రేపూ ఉంటాదవ్వా. రేపు హారతిద్దాం, నేనూ వస్తా. ఇప్పుడు మాత్రం ముట్టించబాక."

ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలు ఆర్పించింది. అందరినీ వీధి అవతలికి తరిమింది. ఎవరో గడ్డపార తెస్తే, ఇనుము రాసుకుంటే రవ్వ లేస్తుందని దూరంగా పెట్టించింది. తర్వాత ఒక్కతే వెనక్కి పోయి షెడ్డు చెక్క కిటికీ రెక్కలను చేత్తో మెల్లగా తెరిచింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె రవిక చెమటకు తడిసి ఉంది.

"భయమేసిందా టీచర్?"

"ఇంకా వేస్తానే ఉంది. నాగమ్మకు పాలు పోస్తే పోతాదని మీ అవ్వకు ధైర్యం. ఈ గ్యాసుకేం పోస్తావు? నీళ్లు పోస్తే ఇంకా పుడతాది."

వాసన పోయేదాకా ఎవరినీ ఇళ్లలోకి పోనివ్వలేదు. ఏమీ జరగలేదు కాబట్టి నాగమ్మ శాంతించిందని వరసంతా నమ్మింది. మర్నాడు అవ్వ హారతిచ్చింది. మాట ఇచ్చినందుకు టీచరు పక్కన నిలబడింది. నేను పళ్లు కొరుక్కున్నాను.

మూఢనమ్మకాన్ని నేను ఈనాటికీ క్షమించను. కానీ తెలియని చోట పుల్ల గీసే తెగువను హేతువాదం అనడం ఆనాడే మానేశాను.

నిన్న దీపం వేయలేదు. తడుముకుంటూ పోయి, ముందు కిటికీ తెరిచాను.