‘సిస్టంలో లోపం లేదు’ అని నేను రాసిన నోట్

2002 వర్షాకాలంలో నన్ను గడ్డపోతారంలోని ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీకి ఈడీపీ ఇన్‌ఛార్జ్‌గా బదిలీ చేశారు. ఈడీపీ అంటే కంప్యూటర్ల విభాగానికి పాత పేరు. హోదా అసిస్టెంట్ మేనేజర్. నా కింద ఎవరూ లేరు కాబట్టి నన్ను నేనే మేనేజ్ చేసుకునేవాణ్ణి. అయినా ఆ ఆవరణలో ఏసీ ఉన్న గదులు మూడే: జీఎం గారిది, ల్యాబ్, నా సర్వర్ గది. సర్వర్‌కి వేడి పడదు; దాని పుణ్యాన నాకూ పడకుండా పోయింది.

సర్వర్ మీద లైనక్స్ నడిచేది. ల్యాబ్‌లోని రెండు కంప్యూటర్లలో విండోస్ 98. ఈ రెండింటికీ పుట్టుకతో పొత్తు కుదరదు. మధ్యలో సాంబా అనే సాఫ్ట్‌వేర్ కూర్చుని, లైనక్స్‌లోని ఫోల్డర్‌ను విండోస్‌కు తన సొంత ఫోల్డర్‌లా చూపిస్తుంది. ల్యాబ్‌వాళ్లు పరీక్ష ఫలితాల షీట్‌ను తమ కంప్యూటర్లో తయారుచేసి, ఆ షేర్డ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసేవారు. ఐదు నిమిషాలకోసారి నేను రాసిన స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రాం లేచి, వచ్చిన షీట్లను డిస్పాచ్ విభాగం ఫోల్డర్‌లోకి చేర్చి, షేర్డ్ ఫోల్డర్‌ను ఖాళీ చేసేది. డిస్పాచ్ ఫోల్డర్‌లో అదే పేరుతో షీట్ ముందే ఉంటే టైం చూసేది. కొత్తదైతే పాతదాని మీద వేసేది, పాతదైతే పారేసేది. ఈ ఏర్పాటు మీద నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెమేమిటి, చాలానే ఉండేది.

వచ్చిన మూడో నెలలో ఒక బ్యాచ్ లారీ ఎక్కబోతుండగా ఆగిపోయింది. డిస్పాచ్‌వాళ్లు ప్రింట్ తీసిన షీట్‌లో తేమ 0.32 ఉండాల్సింది 3.2 అని ఉంది. షీట్ తయారుచేసింది సువర్ణ అనే జూనియర్ అనలిస్ట్. ఇంద్రేశం ఊరి అమ్మాయి. ప్రొబేషన్‌లో ఉంది, ఆ శనివారమే ఆమె పర్మనెంట్ కాగితం మీద సంతకం కావాల్సి ఉంది.

మొదట చుక్క తప్పు పెట్టిన మాట నిజమేననీ, పది నిమిషాల్లోనే చూసుకుని దిద్దాననీ ఆమె చెప్పింది. మొదటి కంప్యూటర్ దగ్గర వేరేవాళ్లు కూర్చుంటే రెండో దాని మీద దిద్ది పంపిందట. క్వాలిటీ కంట్రోల్ మేనేజర్ నన్ను పరిశీలించి రాసివ్వమన్నారు.

నేను పరిశీలించాను. నా కుర్చీలోంచి లేవకుండానే పరిశీలించాను. ల్యాబ్‌లోకి వెళ్లాలంటే బూట్లు విప్పాలి, తెల్లకోటు వేసుకోవాలి. నెట్‌వర్క్ ఉండగా ఆ శ్రమ ఎందుకు? పర్మిషన్లు చూశాను, పాస్‌వర్డ్‌లు చూశాను, సాంబా రాసుకునే లోపాల చిట్టా (లాగ్) చదివాను. అన్నీ బాగున్నాయి. రెండో కంప్యూటర్లో సరైన షీట్ ఉంది, దాని టైం 10:10. డిస్పాచ్‌లో తప్పుడు షీట్ ఉంది, దాని టైం 10:20. అంటే ముందు సరిగ్గా రాసి, పది నిమిషాల తర్వాత చెడగొట్టినట్టు లెక్క. మందుల ఫ్యాక్టరీలో అంకె తప్పితే మందలింపుతో పోతుంది, అంకెను మార్చారంటే ఉద్యోగమే పోతుంది.

సువర్ణ నా గదికి వచ్చింది. ఏడవలేదు, కోపంగా ఉంది.

“నేను దిద్దిన సార్. మా సీనియర్ ప్రసాదరావు సార్ ముంగట్నే దిద్దిన. మీ కంప్యూటరే ఏందో చేసింది.”

“కంప్యూటర్ అబద్ధం చెప్పదమ్మా,” అన్నాను.

“గట్లయితే నేను చెప్తున్ననా?”

ప్రసాదరావు గారిని అడగనైనా అడగలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ‘సిస్టంలో లోపం లేదు’ అని నోట్ రాసి పంపేశాను. దాని ఆధారంగా ఆమెకు మెమో ఇచ్చారు.

శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో ప్రింటర్ మొరాయిస్తే బూట్లు విప్పక తప్పలేదు. మొదటి కంప్యూటర్ ముందు కూర్చుని ఉండగా ఒంటిగంట భోజనం సైరన్ మోగింది. స్క్రీన్ మూలన 1:20 అని ఉంది. నా వాచీ చూసుకున్నాను. ఒంటిగంటే.

సీనియర్ అనలిస్ట్ ప్రసాదరావు గారిది గుంటూరు వైపు. ఈ కంప్యూటర్ టైం ఇలా ఉందేమిటని ఆయన్నడిగాను.

“అదాండీ! బస్సు కోసం పెట్టుకున్నామండీ. ఆ గోడ గడియారం కూడా అంతే. ఇళ్లల్లో పెట్టుకోమాండీ? ఇరవై తీసేసుకోవడం మాకందరికీ అలవాటే.”

పటాన్‌చెరు వెళ్లే షిఫ్ట్ బస్సు ఎవరి కోసమూ ఆగదు. తప్పితే మెయిన్ రోడ్డు దాకా నడక. అందుకని అక్కడ అందరూ గడియారాన్ని ముందుకు జరుపుకుని, చూసిన ప్రతిసారీ మనసులో ఇరవై తీసేసుకునేవారు. తీసేయడం తెలియనిది నా స్క్రిప్ట్ ఒక్కదానికే. పది గంటలకు తయారైన తప్పుడు షీట్‌కు మొదటి కంప్యూటర్ 10:20 అని ముద్ర వేసింది. గడియారం సరిగ్గా ఉన్న రెండో దాన్నుంచి సరైన షీట్ 10:10కి వచ్చింది. ఫైలు కాపీ అయినప్పుడు దాని టైం కూడా వెంట వస్తుంది. నా స్క్రిప్ట్ రెండూ పోల్చి, సరైనదాన్ని పాతదనుకుని పారేసింది.

నాకు నిజంగా సిగ్గేసింది. మా ఇంట్లో గోడ గడియారం పది నిమిషాలు ముందుంటుంది. పెట్టింది నేనే.

భోజనం మానేసి రెండో నోట్ రాశాను: లోపం స్క్రిప్ట్‌ది, స్క్రిప్ట్ నాది, ఈ విషయంలో సువర్ణ తప్పు లేదు, నా మొదటి నోట్ రద్దు. మేనేజర్ రెండుసార్లు చదివి, బూట్లు ముందే విప్పి ఉంటే బాగుండేదన్నారు. మెమో వెనక్కి తీసుకున్నారు. శనివారం ఆమె కాగితం మీద సంతకం అయింది.

ఆ సాయంత్రమే, ప్రతి కంప్యూటరూ ఆన్ కాగానే సర్వర్ టైం తెచ్చుకునేలా ఒక లైను చేర్చాను. సోమవారం ల్యాబ్‌లో నలుగురికి బస్సు తప్పిపోయింది. స్క్రీన్ మీద సరైన టైం చూసి, అలవాటు కొద్దీ అందులోంచి కూడా ఇరవై తీసేశారట. ఆ నలుగురిలో సువర్ణ ఒకతె. మర్నాడు పొద్దున్నే మళ్లీ నా గదికి వచ్చింది.

“ఏంది సార్, మీ సర్వర్ బాగైంది గని మా బస్సు పాయె!”

ముందే చెప్పనందుకు క్షమించమన్నాను. ఆమె నవ్వి, నా రెండో నోట్ జిరాక్స్ ఒకటి కావాలంది. మెమో ఎలాగూ పోయింది కదా, ఇంకెందుకని అడిగాను.

“మల్ల ఎప్పుడన్న కంప్యూటర్ అబద్ధం చెప్పదని మీరంటే సూపిస్త సార్.”

జిరాక్స్ ఇచ్చాను. ఆ తర్వాత ఏ ఫిర్యాదు వచ్చినా ముందు బూట్లు విప్పి లోపలికి వెళ్లాను. రిటైరయ్యేదాకా ఏ నోట్‌లోనూ ‘సిస్టంలో లోపం లేదు’ అని రాయలేదు. ‘నాకు కనబడలేదు’ అని మాత్రమే రాశాను.