రాజవ్వ చెప్పిన బతుకు

మహిత ఏం చదువుతోందో వాడకట్టులో ఎవరికీ అంతుపట్టలేదు. చరిత్ర, సమాజశాస్త్రం, తెలుగు సాహిత్యం కలిపి ఒకటే డిగ్రీ అని చెబితే, "మూడు కూరలు ఒక్క గిన్నెల పోసినట్టు" అనేది నాయనమ్మ రాజవ్వ. మహితకైనా పూర్తిగా అంతుపట్టిందని చెప్పలేం. ఒక తరగతిలో ఒప్పయింది పక్క తరగతిలో తప్పయ్యేది.

సమాజశాస్త్రం చెప్పే శ్రీలత మేడమ్ ఆ ఏడు మూడు సబ్జెక్టులకూ కలిపి ఒకే పని ఇచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ల బతుకును వాళ్ల నోటితోనే చెప్పించుకుని రాసి, అందరి ముందు చదవాలి. మహిత ఇంకొకరి గురించి ఆలోచించలేదు. రాజవ్వ, కొడుకు నేసే మగ్గానికి నూలు కండెలు చుడుతూ పొద్దంతా మాట్లాడే మనిషి. ఎదురింటి కోడలు ఎందుకు అలిగిందో, ఎవరి పెళ్లిలో పప్పు మాడిందో అడగకుండానే చెప్పేది.

తీరా ఫోన్లో రికార్డింగ్ పెట్టి ఎదురుగా కూర్చోగానే రాజవ్వ రాట్నం ఆపింది. కొంగు నెత్తిమీదికి లాక్కుంది. గొంతు సన్నబడింది.

"నాకెవ్వలు లేరు సారూ. ముసల్దాన్ని. కొడుకున్నడు గని అన్నం పెట్టడు."

ఆ కొడుకు రమేశ్ అప్పుడు వంటింట్లో, పళ్లు లేని తల్లి కోసం రొట్టె తుంచి పాలలో నానబెడుతున్నాడు. మహిత తల్లి చిన్నప్పుడే పోయింది కాబట్టి ఇంట్లో పొయ్యి పనీ అతనిదే.

"సారెవలు నాయినమ్మా? నేను మహితను."

"నువ్వు మహితవే. నిన్ను తోలిందెవలు?"

"యూనివర్సిటీ."

"అదెవల్ది? సర్కారుదే గద."

వంటింట్లోంచి రమేశ్ నవ్వు వినిపించింది. "సర్కారోళ్లు పింఛన్ సర్వేకు వచ్చినప్పుడు నేను నేర్పిన పాఠం అది. ఇంకా మర్వలే."

అడగవచ్చినవాళ్లకు ఉన్నది చెబితే ఉన్నది పోతుందని రాజవ్వ నమ్మకం. సరే, ఇంకోసారి అడుగుదాంలే అనుకుంది మహిత. చలికాలంలో దగ్గు ముదిరి దవాఖానకు వెళ్లిన రాజవ్వ మళ్లీ ఇంటికి రాలేదు. ఇంకోసారి అడగడం కుదరలేదు.

దినాలయ్యాక తరగతికి వెళ్లి, కొడుకు అన్నం పెట్టడన్న నాయనమ్మ మాటను ఏం చేయాలని అడిగింది. అబద్ధమని నీకు తెలిసినప్పుడు అబద్ధమనే రాయాలి అన్నాడు చరిత్ర చెప్పే సదానందం సారు. అలా ఎందుకు చెప్పిందో అదే అసలు సంగతి, అది రాయమంది శ్రీలత మేడమ్. ఆమె మాటకు నువ్వు తోక తగిలించకు, ఉన్నదున్నట్టు ఉంచు అంది తెలుగు మేడమ్. ఏ గదిలోంచి బయటికొస్తే ఆ గది మాటే సబబుగా తోచింది మహితకు. బస్సెక్కేసరికి ఏదీ తోచలేదు.

ఇంటికొచ్చి తండ్రితో అంది: "నీ గురించి ఉన్న ముక్క తీసేస్త బాపూ. అందరి ముంగట సదవాలె."

"ఏదీ, వినిపియ్యి."

తల్లి గొంతు వినగానే రమేశ్ నవ్వాడు. మళ్లీ పెట్టమన్నాడు. ఈసారి నవ్వలేదు.

"నేను నేర్పింది 'కొడుకు అర్సుకోడు, మంచిచెడ్డ చూడడు' అని. అన్నం పెట్టడని నేను నేర్పలే."

"రెండు ఒకటే గద బాపూ."

"ఒకటెట్లయితది? మనం నేసే జంపఖానాలకు గిరాకీ లేని నెలల్ల ఎనుమాముల మార్కెట్కు మిర్చి బస్తాలు మొయ్యవోయేటోణ్ణి. పొద్దుగాల పోతే మాపటికొచ్చుడు. గిన్నెల అన్నం వండిపెట్టి పోయేది. అవ్వ తిన్నదో లేదో... నువ్వు చూసినవా?"

మహిత చూడలేదు. ఆమె కూడా పొద్దున పోతే సాయంత్రానికే ఇల్లు చేరేది.

"ఇంత సదువుతానవ్. గొంతు విని నిజమో కాదో చెప్పే సదువు లేదా అండ్ల?"

మహిత రికార్డింగ్ ఆపింది. రమేశ్ అన్నాడు: "తియ్యకు. రాయి. కాకపోతే కొడుకు అప్పుడు రొట్టె నానేస్తాండని కింద రాయి." మళ్లీ అంతలోనే, "వద్దు బిడ్డా. అవ్వ అబద్ధమాడిందనుకుంటరు. ఆమె చెప్పిందే సదువు."

మహిత తరగతిలో అలాగే చదివింది. "మీ డాడీ నిజంగనే అన్నం పెట్టకపోయేటోడా?" అని తోటి విద్యార్థిని తేజస్వి అడిగింది. అవునంటే తండ్రి చెడ్డవాడవుతాడు, కాదంటే నాయనమ్మ అబద్ధాలకోరవుతుంది. అందరూ చూస్తున్నారు. "ఏమో. నాకు తెల్వది" అంది మహిత. శ్రీలత మేడమ్ మార్కులు వేయబోతూ ఆగి, "కూర్చో" అంది.

ఆ సాయంత్రం రమేశ్ మగ్గం దిగి వచ్చాడు. "సదివినవా?"

"సదివిన. నిజమేనా అని అడిగిండ్రు. తెల్వదన్న."

అతను తలూపాడు. తెలియదనడం మంచిదయిందో కాలేదో అతనికీ తేలలేదు.

"తిన్నవా?" అన్నాడు.

తిన్నానని చెప్పినా, నమ్మనట్టు ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.