పసిరిక పిట్టల వకీలు

సూరయ్యకి ఉన్న జబ్బు ఒక్కటే. లోకంలో ఎవరు ఎవర్ని ఎన్ని తిట్టుకున్నా ఆయనకి పట్టదు గానీ, పసిరిక పిట్టని ఒక్క మాట అంటే చాలు, దాని తరఫున వకాల్తా పుచ్చేసుకుంటాడు. పిట్ట అడగలేదు. తనకో వకీలున్నాడని దానికి తెలియను కూడా తెలియదు. పోనీ ఈయన చదువుకున్న వకీలా అంటే అదీ కాదు. ఒడిశాలో ఛత్రపూర్ కోర్టు గుమ్మంలో నిలబడి, "ఫలానా వాడు హాజిర్ హో!" అని ముప్పై ఒక్క ఏళ్ళు కేకలు పెట్టిన బంట్రోతు. తలుపు సందులోంచి చెవిన పడ్డంత న్యాయశాస్త్రమే ఆయన న్యాయశాస్త్రం. అందులో క్షుణ్ణంగా వచ్చింది వాయిదా అడగడం.

పసిరిక అంటే ఏ పిట్టో అనుకునేరు. పొలాల్లో కరెంటు తీగ మీద కూర్చుని ఉంటుందే, ఒళ్ళంతా ఆకుపచ్చగా, తోక మధ్యనుంచి రెండు సన్నటి ఈకలు బయటికి పొడుచుకొచ్చి, అది. ఎగిరే తేనెటీగని గాలిలోనే పట్టేసి మళ్ళీ అదే తీగ మీదికొచ్చి కూర్చుంటుంది. తేనెటీగలంటే దానికి ప్రాణం. ఊళ్ళో దాని మీద నేరాలకీ, సూరయ్యకి పనికీ కొదవ లేకపోవడం అందుకే.

ఇందులో ఆయన పెళ్ళాం వరహాలమ్మ తప్పూ కొంత ఉంది. ఎనిమిదేళ్ళ కిందట ఆయన ఉద్యోగం ముగించుకుని, చికిటి దగ్గర సొంత ఊరికి వచ్చి ఇంట్లో కూర్చున్నప్పుడు, "కాళ్ళకి అడ్డం తగలకు, ఆ ఏటి గట్టుకెల్లి కూకో" అన్నది ఆవిడే. కట్టుకున్న మొగుణ్ణి చేతులారా గట్టు మీదికి తోలింది. బాహుదా ఏటి గట్టున ఇసకమట్టిలో బారెడేసి సొరంగాలు తవ్వుకుని గుడ్లు పెట్టుకుంటున్న పసిరికలు ఆయన కంట పడ్డాయి. ఇంక మనిషి ఇంటికి రావడం అన్నానికీ టీకీ మాత్రమే.

ఆ టీ కూడా మామూలుగా అడగడు. అరుగు మీద నిలబడి, "వరహాలమ్మ హాజిర్ హో!" అని మూడు కేకలు పెడతాడు.

"ఒక్కసారి పిలిస్తే ఇనపడదేటి? నానేటి దొంగకేసులో ముద్దాయినా?"

"మూడుసార్లు పిలవకపోతే సెల్లదే."

ఒకనాడు ఎదురింటి సీతాలు జీలకర్ర అప్పు అడిగింది. వరహాలమ్మ దోసెల పిండి రుబ్బుతూ, "ఆ గూట్లో సిన్న డబ్బా తీసుకో" అంది. సాయంత్రం సీతాలు చారు కాచుకుని ఖాళీ డబ్బా తెచ్చిచ్చి, "వదినా, సారు అదిరిపోయిందనుకో. ఏ ఊరి జీలకర్రేటిది?" అని మెచ్చుకుంది. అది ఏ ఊరి జీలకర్రా కాదు. పసిరిక తిన్న పురుగుల్లో అరగని రెక్కలూ పెంకులూ పొట్టలో ఉండ కట్టుకుంటే దాన్ని కక్కేస్తుంది. సూరయ్య ఆ ఉండలు ఏరుకొచ్చి, ఎండబెట్టి, గుండుసూదితో విడదీసి, ఇందులో ఈగలెన్ని, కందిరీగలెన్ని, తూనీగలెన్ని అని రాసుకుంటాడు. డబ్బాలో ఉన్నది అదీ.

"నా పన్నెండు దినాల సాక్ష్యాన్ని సారులో ఏసీసింది!" అని లబోదిబోమన్నాడు.

"అయితే దాని మీద కేసెయ్యి."

"ఎలగే? సాక్ష్యం తాగీసింది కదా!"

ఆ తరవాత నెల్లాళ్ళు వరహాలమ్మ చారు కాచలేదు. సీతాలు మాత్రం గుండ్రాయిలా ఉంది.

సూరయ్యకి కంట్లో పువ్వేసిందేమోనని బరంపురం తీసుకెళ్తే అక్కడా ఇదే గోల. డాక్టరు గోడ మీది అక్షరాలు చూపించి, "కణ దిశుచి?" అన్నాడు. ఏం కనిపిస్తోందని అడిగిన పాపానికి ఈయన కిటికీలోంచి చూస్తూ, ఒడియాలో మొదలెట్టి తెలుగులోకి వచ్చేశాడు.

"తీగ మీద ఆరు పసిరికలు బాబూ. అయిదోది తేనెటీగని పట్టింది. తీగకేసి బాదతంది. ఇప్పుడు దాని తోక తీగకి రాసి ముల్లు తీసెస్తంది సూడండి. అదీ! ఇసం పోయింది. మింగీసింది."

డాక్టరు లేచి కిటికీ దగ్గరికెళ్ళి చూశాడు. ఆయనకి తీగ కనిపించింది గానీ పిట్ట కనిపించలేదు. "మీ కళ్ళు భేషుగ్గా ఉన్నాయి, ఎల్లండి. నేనే చూపించుకోవాలి" అన్నాడు. తిరుగు దారిలో బస్టాండులో, చూడని వాళ్ళ కోసం మిరపకాయ బజ్జీతో అదంతా మళ్ళీ చేసి చూపించాడు. బల్లకేసి బాదితే పక్కాయన తెల్ల చొక్కా మీద శనగపిండి పడింది. వరహాలమ్మ బస్సు ఎక్కేదాకా ఈయనెవరో తనకి తెలియనట్టే నిలబడింది.

నవ్వులాట అక్కడితో సరి. ఇంక చెప్పబోయేది ఏడుపు గొడవ.

ఆ ఊళ్ళోనే లక్ష్ముడని ఒకడుండేవాడు. గంజాం కుర్రాళ్ళు అందరూ వెళ్ళినట్టే సూరత్ వెళ్ళి, పద్నాలుగేళ్ళు మగ్గాల మిల్లులో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా దూది దుమ్ము నింపుకుని తిరిగొచ్చాడు. బరువు ఎత్తలేడు, నాలుగు అడుగులు వేస్తే రొప్పు. ఎక్కడో నేర్చుకుని ఆరు తేనెపెట్టెలు తెచ్చి ఏటి పక్కనే ఉన్న తన నువ్వుచేను గట్టున పెట్టుకున్నాడు. ఏడాదిన్నర వాటితోనే బతికాడు. పోయిన వానల్లో దగ్గు ముదిరి పోయాడు. పిల్లలు లేరు. పోయే ముందు పెళ్ళాం కాసులమ్మతో ఆఖరున అన్న మాట, "పెట్టెలు జాగర్తే."

కాసులమ్మ ఆ మాట పట్టుకుని ప్రాణం నిలబెట్టుకుంది. పొద్దున్నే పెట్టెల దగ్గరికెళ్ళి కూర్చునేది. చీమలు ఎక్కకుండా కాళ్ళ కింద చిప్పల్లో నీళ్ళు పోసేది. ఏదో మాట్లాడేది కూడా. "దానికి మతి పోయింది" అన్న వాళ్ళ మీద వరహాలమ్మ చీపురు ఎత్తింది.

వైశాఖంలో ఒక పొద్దుట చూస్తే ఆరింట్లో నాలుగు పెట్టెల ఈగలు చచ్చి ఉన్నాయి. కాసులమ్మ పెట్టిన కేకకి ఊరు కదిలింది. ఆవిడ తమ్ముడు శంకర్ చికిటి నుంచి వచ్చి, పైన తీగ మీద వరసగా కూర్చున్న పసిరికల్ని చూశాడు. "ఇంకేటి కావాలి? కళ్ళెదురుగానే ఉన్నారు దొంగలు. రేప్పొద్దున్న ఏటి గట్టు కన్నాలన్నీ మట్టితో కప్పెట్టీకపోతే నా పేరు మార్చండి" అన్నాడు. కన్నాల్లో అప్పటికి పిల్లలున్నాయి. కళ్ళు తెరిచినవి కొన్ని, తెరవనివి కొన్ని.

సూరయ్య పెట్టెల దగ్గరికెళ్ళి చాలాసేపు వంగి చూశాడు. గుప్పెడు ఈగల్ని కాగితంలో పొట్లం కట్టుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి గెంతుతున్నాడు.

"వరాలూ, గెలిచీసినాం! పిట్ట తింటే శవం ఎక్కడుంటాదే? ముల్లు తీసి నిలువునా మింగేస్తాది. అక్కడ గుట్టలు పడున్నాయి, నాలుకలు బయటికి సాపుకోని. ఇది మందు! పూత మీదున్న సేనికి ఎవరో పట్టపగలు మందు కొట్టినారు. పిట్టలు నిర్దోషులు!"

"కొట్టిందెవరు?"

"అది నాకెందుకు? నా ముద్దాయి సెయ్యలేదని రుజువు సెయ్యడమే నా పని."

ఆ సాయంత్రమంతా కాగితం మీద నంబర్లు వేసి తొమ్మిది పాయింట్లు రాశాడు. ఎనిమిదేళ్ళలో ఆయన వాదించిన కేసులు ఒక్కటీ తేలలేదు, అన్నీ వాయిదాలే. ఇదొక్కటే గెలిచేది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

మర్నాడు పొద్దున్న గట్టు మీద పదిహేను మంది పోగయ్యారు. శంకర్ గునపం, తట్టతో తయారుగా ఉన్నాడు. సూరయ్య నిటారుగా నిలబడి, "పసిరిక పిట్టలు హాజిర్ హో!" అని మూడుసార్లు కేక పెట్టాడు. అంత బాధలోనూ వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పిట్టలు నిజంగానే హాజరుగా ఉన్నాయి. ముక్కున పురుగులు పట్టుకుని తీగ మీద కూర్చున్నాయి, మనుషులు చూస్తుండగా గూట్లోకి పోవు. లోపల పిల్లలు ఆకలికి అరుస్తున్నాయి.

"బేగి కానియ్యి మావా. పిట్టలు కాకపోతే ఏటి సంపిందో సెప్పు" అన్నాడు శంకర్.

సూరయ్య కాగితం తీసి గొంతు సవరించుకున్నాడు. అప్పుడు కాసులమ్మ ముందుకొచ్చింది. రాత్రంతా ఏడ్చిన మొహం.

"మావా, నాకొక్కటి సెప్పు. నువ్వాకు పురుగు పట్టిందని మొన్న నాను సేనికి మందు కొట్టినాను. పొద్దున్న పూట, నా సేత్తోనే. దాని వల్ల కాదు కదా? ఆయన పెట్టెల్ని నానే సంపీలేదు కదా?"

వరహాలమ్మ చటుక్కున సూరయ్య వైపు తిరిగింది. మొగుడి సంగతి ఆవిడకి తెలుసు. పిట్టల కోసం పెళ్ళిపందిట్లో పెళ్ళికొడుకు మేనమామతో దెబ్బలాడిన మనిషి, చేతిలో తొమ్మిది పాయింట్లున్న మనిషి, నోరు మూసుకుంటాడా? మూసుకో నాయనా, మూసుకో అని లోపల దండాలు పెట్టింది.

సూరయ్య కాగితం వంక చూశాడు. తీగ మీది పిట్టల వంక చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"కాదమ్మా. మందు వల్ల కాదు. పిట్టలే తినీసినాయి. నా ముద్దాయిలు నేరం ఒప్పుకున్నాయి."

చెవులు రెండూ కందిపోయి ఎర్రగా ఉన్నాయి. ఆ క్షణాన వరహాలమ్మకి ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. అలవాటు లేక ఊరుకుంది.

శంకర్ గునపం ఎత్తాడు. సూరయ్య వెళ్ళి కన్నాలకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఆగరా! ఒప్పుకున్నోడికి శిక్ష తగ్గిస్తారు గానీ ఇంటిల్లిపాదినీ పాతెయ్యరు. తిన్నది పెద్దలు, కూనలేటి సేసినాయి? మూడు వారాలు వాయిదా ఇయ్యి. ఎగిరిపోతాయి."

"అందాకా ఆ మిగిలిన రెండు పెట్టెలూ ఎవరు కాస్తారు?"

"నాను కాస్తాను. పొద్దు పొడిచిన కాడ్నుంచి పొద్దు గూకేదాకా." అని, కాసులమ్మ మొహం వైపు చూడకుండా తొందర తొందరగా అన్నాడు, "ఇంకోటి అమ్మా. పూత మీద మందు కొట్టీకు. కొడితే ఆ ఘాటుకి పురుగులు పైకి లెగుస్తాయి, ఆటి కోసం పిట్టలు దిగుతాయి. అదీ ఇసయం."

కాసులమ్మ ఆయన్ని కాసేపు అలాగే చూసింది. "అలగే మావా" అంది.

మర్నాటి నుంచి ఊరికి కొత్త వేడుక. పసిరికల వకీలు పసిరికల్ని తోలుతున్నాడు. నువ్వుచేను గట్టున గొడుగు పాతుకుని, స్టీలు కంచం మీద గరిటెతో వాయిస్తూ, "హుష్! హుష్!" అంటూ కూర్చున్నాడు. చుట్టుపక్కల పిట్టలన్నీ బెదిరాయి గానీ పసిరికలు బెదరలేదు. ఎనిమిదేళ్ళుగా చూస్తున్న మనిషాయె. ఒకటి ఏకంగా గొడుగు మీదే వాలి, తేనెటీగని ఊచకేసి టక్కుటక్కున బాదడం మొదలెట్టింది.

"ఓసి నీ జిమ్మడ! నా నెత్తి మీదే కానిస్తన్నావేటే? నలుగురూ సూస్తన్నారు, పరువు తియ్యకే!"

మధ్యాహ్నం అంబలి తెచ్చిన వరహాలమ్మ అడిగింది, "ముప్పై ఒక్క ఏళ్ళు కోర్టులో ఉన్నావు, ఒక్క అబద్ధం ఆడ్డం రాలేదు. అంతమందిలో ఎలగాడినావయ్యా?"

ఆయన అంబలి కలుపుకుంటూ, "పిట్టలకేటే, ఎవరేటన్నా ఎగిరిపోతాయి. ఆ పిల్ల ఎక్కడికెగురుతాది?" అన్నాడు. పిట్టల గురించి తప్ప ఆయన అంత తిన్నగా మాట్లాడ్డం ఆవిడ ఎప్పుడూ వినలేదు.

ఇరవై మూడో రోజుకి కూనలన్నీ ఎగిరాయి. చిన్న తోకలతో తీగ మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి. మిగిలిన రెండు పెట్టెలూ నిలబడ్డాయి, ఒకటి బాగా పుంజుకుంది కూడా. మాట ప్రకారం శంకర్ గునపంతో దిగాడు. ఈసారి కన్నాలకి అడ్డం నిలబడింది కాసులమ్మ.

"ఒగ్గీరా. వచ్చే ఏడు ఇక్కడే గుడ్లెట్టుకుంటాయి."

"నీకేటి పిచ్చా? నీ ఈగల్ని తిన్న పిట్టలు!"

"తిండానికి పుట్టినాయి, తింటాయి. నువ్వెల్లు."

శంకర్ గొణుక్కుంటూ వెళ్ళిపోయాక, కాసులమ్మ వరహాలమ్మ దగ్గరికి వచ్చింది. "పాపం, సెయ్యని నేరం ఆటి నెత్తిన పడింది అత్తా" అంది మెల్లగా. వరహాలమ్మ ఉలిక్కిపడి గొడుగు వైపు చూసింది.

"పిట్ట తింటే ఈగ నాలుక సాపుకోని నా పెట్టె గుమ్మంలో పడుంటాదేటి? పదో రోజుకి నాకే ఎలిగింది. ఆ దినమే తెలిసుంటే ఏట్లో పడుదును, ఒట్టు. ఇప్పుడు పడను. రెండు పెట్టెలున్నాయి." కాసులమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, తొమ్మిది నెలల తరవాత మొదటిసారి నవ్వింది. "మావతో అనకత్తా. నన్ను నమ్మించీసినానని ఎంత సంబరపడతన్నాడో!"

గొడుగు కింద నుంచి సూరయ్య మెడ సాచి చూస్తున్నాడు. "ఏటే వరాలూ? కాసులమ్మ ఏటంటంది?"

వరహాలమ్మ నవ్వు దిగమింగుకుంది. "నీ పసిరికలంత దొంగముండలు లోకంలో ఉండవంటంది!"

సూరయ్యకి చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. నోరు తెరిచాడు, మూశాడు. పైన తీగ మీదికి ఒకసారి చూసి, తల దించుకుని, "ఔనౌను, నిజమే" అన్నాడు.