తార్నాకలో తాళంచెవి

అప్పుడు నేను యూనివర్సిటీలో తాత్కాలిక పరిశోధకురాలిని. క్షయవ్యాధి మీద మరో యూనివర్సిటీతో కలిసి పరిశోధన చేయాలంటే వాళ్లు పెట్టే నిధికి సమానంగా మేమూ పెట్టాలి. మా దగ్గర డబ్బు లేక, రక్తకణాలను వేరుచేసే పెద్ద యంత్రాన్ని మా వాటాగా చూపించాం. దాన్ని చూడడానికి అవతలివాళ్లు వచ్చిన ఉదయం ఆ గదికి తాళం ఉంది. ఆ రోజు జరిగే ఒప్పందం సభలో తనకు శాలువా కప్పడం లేదని తెలిసి, మా సీనియర్ ప్రొఫెసర్ తాళంచెవితో సహా తార్నాకలోని ఇంటికి వెళ్లిపోయారు.

యంత్రం చూపకపోతే ఒప్పందం లేదు, నాకు ఉద్యోగమూ లేదు. స్కూటీ మీద ఆయన ఇంటికి దూసుకెళ్లాను.

"ఏందమ్మా, ఇప్పుడు యాదికొచ్చిన్నా నేను?" అన్నారాయన, పేపర్లోంచి తలెత్తకుండా.

"సార్, వాళ్లు గది ముందే నిలబడ్డారు. దండం పెడతా, తాళంచెవి ఇవ్వండి."

"నీతోటి కాదు. శాలువా ఉన్నదో లేదో మీ హెడ్డునే చెప్పమను."

నన్ను గుమ్మంలోనే నిలబెట్టారు. అక్కడి నుంచే ఫోన్ చేస్తే మా శాఖ హెడ్ గారు ఎంతకీ ఎత్తలేదు. చివరికి ఎత్తి, "శాలువా ఏమిటమ్మా, దండ కూడా వేస్తాం. ముందు ఆయన్ని తీసుకురా!" అని అరిచారు. సార్ తీరిగ్గా ఇస్త్రీ చొక్కా వేసుకుని నా స్కూటీ ఎక్కారు. అతిథులు కారెక్కబోతుండగా చేరాం.

ఒప్పందం కుదిరింది. యంత్రాన్ని కంటికి రెప్పలా కాపాడారని సార్‌కు శాలువా కప్పారు. పళ్లెం పట్టుకోమని నన్ను పిలిచారు.

పోనీలే అని అందరూ అంటారు. నేను అనలేను. ఇప్పుడు ఆ గది బాధ్యత నాది, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. సార్‌కు కావాలంటే నా గుమ్మంలో నిలబడి అడగాల్సిందే.