గాలి గొట్టంల పడ్డ బోల్టు

గోరంత బోల్టు ఒకటి ఏండ్ల సంది నా గుండె మీద బండలెక్క కూసొని ఉండె. పోయిన వారందాక ఎవ్వరికి చెప్పలే. నా భార్యకు సుత చెప్పలే. నేనెవరో మీకు తెల్వది, అందుకే మీకు చెప్తున్న.

గప్పుడు నేను కరీంనగర్ల ఒక కార్ల షెడ్డుల పని చేస్తుంటి. షెడ్డుల పెద్ద మెకానిక్కు రాజలింగన్న. నాకు పని నేర్పింది ఆయనే. ఇంజన్ సప్పుడు విని రోగమేందో పట్టుకునుడు ఆయన పక్కన నిలవడి నేర్చుకున్న. ఇయ్యాల నా ఇంట్ల పొయ్యి మండుతున్నదంటే ఆయన పుణ్యమే. గా మనిషికే అన్యాయం చేసిన.

ఒకనాడు సుల్తానాబాద్ నుంచి ఒక వడ్ల వ్యాపారి కారు తెచ్చిండు. భార్యాపిల్లలతోని కొండగట్టుకు పోవాలె, జర జల్ది చెయ్యిమన్నడు. రాజలింగన్న ఇంజన్ మీది పాత ప్లగ్గులు ఇప్పి కొత్తవి ఏసిండు. ఎయిర్ ఫిల్టర్ మార్చుడు నా వంతు. దాని డబ్బ ఇప్పుతుంటే ఒక చిన్న బోల్టు జారి, ఇంజన్లకు గాలి పోయే గొట్టంల పడ్డది. అయస్కాంతం పెట్టి వెతికిన, దొరకలే. గొట్టం మొత్తం ఇప్పితే దొరుకుతుండె. గని వ్యాపారి తొందర పెడుతుండు, షెడ్డు సేటు నా దిక్కే చూస్తుండు. కింద పడ్డదేమో అని నాకు నేనే చెప్పుకొని, ఇంకో బోల్టు తెచ్చి బిగించిన. బండి స్టార్ట్ అయింది. సప్పుడు మంచిగనే ఉన్నది. కింద పడలేదని నాకు తెల్వదా? తెలుసు. తెలిసే మూత పెట్టిన.

కొండగట్టు ఎక్కుతుంటే ఇంజన్ టకటక కొట్టుకొని ఆగిపోయింది. కారు ఎనుకకు జారి రోడ్డు పక్క గోడకు ఆనుకొని నిలవడ్డది. లోపల పిల్లలున్నరు. ఎవ్వరికి దెబ్బ తగలలే. ఆ సంగతి తలుసుకున్నప్పుడల్లా ఇప్పటికీ చేతులెత్తి మొక్కుత.

బండిని గుంజుకొచ్చి ఇంజన్ ఇప్పితే, పిస్టన్ మీద గుర్తు పట్టరాకుండ నలిగిన ఇనుప ముక్క కనిపించింది. ప్లగ్గుల బొక్కల నుంచే పడ్డదన్నడు సేటు. ప్లగ్గులు ఇప్పింది రాజలింగన్న. ఆయన నన్ను పక్కకు పిలిచి మెల్లగ అడిగిండు.

“తమ్మీ, నీ చేతిల నుంచి ఏమన్న పడ్డదా?”

“లేదన్నా.”

“అయితే నాదే అయ్యుంటది.”

గంతే. ఆ సాయంత్రమే సేటు ఆయన్ని పనిల నుంచి తీసేసిండు. ఆయన జాగల నన్ను పెట్టిండు. ఆ నౌకరి నేనెట్ల చేసిన? పిల్లలు చిన్నోళ్లని, ఇంకోచోట పని దొరకదని, రోజుకో సాకు చెప్పుకుంట చేసిన.

ఏండ్లు గడిచినయ్. సేటు షెడ్డు మూసేసిండు. పని లేక నేను పరేషాన్ల ఉన్నానని ఎవరో చెప్తే, ఖానాపూర్ నుంచి రాజలింగన్ననే ఫోన్ చేసిండు. అక్కడ చిన్న షెడ్డు పెట్టుకున్నడట. రమ్మన్నడు. పోయిన. ఉండటానికి అర్ర చూపిచ్చిండు. మధ్యాహ్నం ఆయన భార్య, మా వదినె, ఇద్దరికీ బువ్వ పంపుతుండె. గంత మంచితనం తట్టుకునుడే నాకు కష్టమైంది. దానికితోడు, ప్లగ్గులు ఇప్పే పని ఏదొచ్చినా ఆయన ముట్టకుండ నాకే ఇస్తుండె. ఎందుకన్నా అని అడిగిన.

“నా చెయ్యి మీద నాకు నమ్మకం పోయింది తమ్మీ. నువ్వైతే చూసి చేస్తవ్.”

నేను గుంజుకున్నది ఆయన నౌకరి ఒక్కటే అనుకుంటి ఇన్నేండ్లు. ఆయన చేతులు సుత గుంజుకున్న.

పోయిన వారం చాయ్ తాగుతుంటే చెప్పేసిన. బోల్టు నా చేతిల నుంచే పడ్డదని, తెలిసే మూత పెట్టిన అని, ఆయన తప్పు ఏ మాత్రం లేదని. ఆయన గ్లాసు కింద పెట్టి చానసేపు తన చేతులనే చూసుకున్నడు. క్షమించుమని అడిగే మొఖం నాకు లేకుండె. ఆయన నన్ను పొమ్మనలే. ఆ పూట వచ్చిన కారు ప్లగ్గులు మాత్రం తనే ఇప్పిండు. ఒకసారి అబద్ధం చెప్పినోని మాట మల్ల నమ్మిండు. నాకు ఇంతకన్న ఏం కావాలె?

ఇప్పుడు ఆయన నాతోని కూసోకుండ మధ్యాహ్నం ఇంటికి పోయి తింటుండు. నాకు వదినె బువ్వ పంపుతనే ఉన్నది. షెడ్డుల ఒక్కణ్నే కూసొని తింటున్న. దాచుడు పోయినంక, ఇన్నేండ్లకు బువ్వ రుచి తెలుస్తున్నది.