పెరుగుకు పట్టిన వాసన

నా చిన్నప్పుడు నా ఊపిరికి చప్పుడు ఉండేది. కాస్త దుమ్ము లేచినా, పక్కింట్లో మిరపకాయలు వేయించినా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. అమ్మకు వినపడకూడదని దిండులో మొహం దాచుకునేదాన్ని. దాంతో ఇంకా ఎక్కువయ్యేవి.

నరసరావుపేటలో మా కొత్త ఇల్లు పూర్తవుతున్న రోజులవి. నాన్నకు బట్టల కొట్టు. ముచ్చటపడి నా గదికి మెరిసే గులాబీ రంగు వేయించి, గోడ పొడుగునా ప్లైవుడ్ అలమరాలు చేయించారు. తలుపు తీయగానే నాకు గొంతు పట్టేసింది. వాసనొస్తోందని చెప్పాను. రోజంతా పనివాళ్లతో అక్కడే నిలబడే నాన్నకు ఏ వాసనా తెలియలేదు. కొత్త ఇల్లంటే అలాగే ఉంటుందన్నారు. మళ్లీ చెప్పడానికి సిగ్గేసింది.

గృహప్రవేశం ఎల్లుండే. పాలు పొంగించిన రాత్రి ఇంటిల్లిపాదీ అక్కడే నిద్ర చేయాలి. ఆ గదిలో తెల్లవారేదాకా ఊపిరి ఎలా తీయాలా అని ఒకచోట కూర్చోలేకపోయాను. గుమ్మంలోకి, పెరట్లోకి, మళ్లీ గుమ్మంలోకి తిరుగుతూనే ఉన్నాను.

మా నాయనమ్మ అదంతా చూసింది. ఆ సాయంత్రం గోరువెచ్చని పాలు పట్టుకెళ్లి, నా కొత్త గదిలోనే తోడు వేసి, గిన్నెకు పల్చటి గుడ్డ కట్టి, కిటికీలు మూసి వచ్చింది. ఎందుకని అమ్మ అడిగితే, కొత్తింట్లో పెరుగు పేరుకుంటే మంచిదిలే అంది. అలాంటి ఆచారం మాకు ఎక్కడా లేదు.

మర్నాడు నాన్న అన్నానికి వచ్చారు. పెరుగన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"ఏందమ్మా ఇది, పెరుగు రంగు డబ్బా వాసనొస్తంది?"

"నీకు వాసన తెలవదన్నావుగా," అంది నాయనమ్మ. "పిల్ల గదిలో తోడేశాను. ఒక్క రాత్రికి పెరుక్కే ఇంత పడితే, ఆ పిల్ల రొమ్ముకి పట్టదంట్రా?"

నాన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నారు. నా వైపు చూడలేదు. బయటికెళ్లి పంతులుగారితో ఫోన్లో చాలాసేపు మాట్లాడారు.

పాలు ముహూర్తానికే పొంగాయి గానీ, నిద్ర మాత్రం అందరం వసారాలో చేశాం. వసారా ఇల్లు కాదా అని నాయనమ్మ చుట్టాల నోళ్లు మూయించింది. తర్వాత కొన్నాళ్లు పాత ఇంట్లోనే ఉండి, నా గది గోడలు గీకించి పిడుగురాళ్ల సున్నం వేయించారు. అలమరాలు పీకించి, ఆ గోడకు రెండో కిటికీ పెట్టించారు. కొన్న తివాచీని అమ్మ తిప్పి పంపింది. తడిగుడ్డతో తుడుచుకునే నాపరాయి చాలంది. గోడకు ఆనుకుంటే జడ తెల్లబడేది. వచ్చినవాళ్లు ఈ గది పని ఇంకా అవలేదా అని అడిగేవాళ్లు. పిల్లికూతలు పూర్తిగా పోలేదు, ఆ గదిలో మాత్రం తగ్గాయి.

నాయనమ్మ ఇప్పుడు లేదు. మొన్న మాచర్లలో ఉద్యోగం వచ్చి అద్దెకు గది చూడబోయాను. కొత్త రంగులు, ఒకటే కిటికీ, అదీ బిగించి ఉంది. వాసనేం లేదమ్మా, రేపే దిగొచ్చు అన్నారు ఇంటాయన. ఎవరితోనైనా ఏదైనా అనాలంటే ముందు డైరీలో రాసుకుని చూసుకునే మనిషిని నేను. కానీ నా మాట నిజమేనని పంతం పట్టి సాక్ష్యం తెచ్చిన మనిషి ఒకావిడ ఉండేది కదా.

"మీకు తెలియకపోవచ్చండీ, నాకు తెలుస్తోంది," అని మెట్లు దిగి వచ్చేశాను.